విదేశాల్లో ఇంగ్లిష్ బోధన: శిక్షణకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: నా వయసు 28. కామర్స్‌లో డిగ్రీ చేసి, ఐదేళ్లుగా ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియంలోనే చదివాను. సాయంత్రాలు కొందరు పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతున్నాను, ఆ పని నాకెంతో ఇష్టం. రెండు మూడేళ్లు విదేశంలో ఇంగ్లిష్ టీచరుగా పనిచేయాలని ఉంది. ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా బోధించే శిక్షణ) సర్టిఫికెట్ చాలా తక్కువ ధరకు దొరుకుతోంది. అదే బోధనకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా చేయాలంటే మాత్రం నేను దాచుకున్న దానిలో పెద్ద భాగం ఖర్చవుతుంది, పైగా నెల రోజులు సెలవు పెట్టాలి. ఏ సర్టిఫికెట్టూ లేకుండానే వెళ్లి పనిచేస్తున్నవాళ్లు ఉన్నారని ఒక మిత్రుడు చెబుతున్నాడు. ఈ శిక్షణకు పెట్టిన డబ్బు నిజంగా తిరిగి వస్తుందా? ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయవచ్చా?

సమాధానం: మీరు ఒకే ప్రశ్నగా అడిగినా ఇందులో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. సర్టిఫికెట్ లేకపోతే వీసా రాదా, ఉంటే జీతం పెరుగుతుందా, ఆ కోర్సు చేస్తే పాఠం చెప్పడం నిజంగా వస్తుందా అన్నవి వేర్వేరుగా చూడవలసినవి. కోర్సులు అమ్మేవారి ప్రకటనలు మూడింటినీ కలగలిపి చెబుతాయి కాబట్టి, ఒకదానికి అవునన్న జవాబు మిగతా రెండింటికీ వర్తిస్తుందని చదివేవారు అనుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. అనుభవం ఉన్న శిక్షకులు వెనుక కూర్చుని గమనిస్తుండగా నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పించే కోర్సుకు పెట్టిన డబ్బు, ఈ వృత్తిలో కొన్నేళ్లు ఉండదలచినవారికి తిరిగి వస్తుంది. అలాంటి అభ్యాసం లేని సర్టిఫికెట్‌కు వీసా దరఖాస్తుతో జతచేసే కాగితంగా మాత్రమే విలువ ఉంటుంది. ఆ కాగితం తప్పనిసరిగా అడిగే దేశానికి వెళ్లేవారికి ఆ విలువ కూడా తక్కువేమీ కాదు. అయితే ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకునే ముందు, మీ పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ ఉద్యోగం చేయడానికి ఏయే దేశాలు అనుమతి ఇస్తాయో చూసుకోవాలి. కోర్సుల ప్రకటనలలో అన్నిటికన్నా తక్కువగా కనిపించే సమాచారం ఇదే.

దక్షిణ కొరియాను తీసుకోండి. అక్కడ విదేశీ భాషా బోధకులకు ఇచ్చే ఇ-2 వీసా ఇంగ్లిష్ విషయంలో ప్రధానంగా ఏడు దేశాల పౌరులను దృష్టిలో పెట్టుకున్నది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. ఈ జాబితాలో లేని దేశపు పౌరులు సెల్టాలో అత్యుత్తమ గ్రేడు తెచ్చుకున్నా, హాగ్వాన్‌లనే అక్కడి ప్రైవేటు శిక్షణ కేంద్రాలు సాధారణంగా వారిని తీసుకోలేవు. అది యజమాని ఇష్టాయిష్టాల విషయం కాదు, నిబంధన. చైనాలో కూడా భాషా బోధకులు తమ మాతృభాషనే బోధించాలన్నది సూత్రప్రాయమైన నియమం. డిగ్రీ, నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం అక్కడ తప్పనిసరి. రెండేళ్ల అనుభవం లేనివారు దాని స్థానంలో గుర్తింపు ఉన్న బోధన సర్టిఫికెట్ చూపవచ్చు. వియత్నాంలో భాషా కేంద్రాలలో పనిచేయడానికి వర్క్ పర్మిట్ కావాలంటే డిగ్రీతోపాటు బోధన సర్టిఫికెట్ ఉండాలి, ఇంగ్లిష్ మాతృభాష కానివారి నుంచి భాషాస్థాయికి రుజువు కూడా అడుగుతారు. ఐరోపా సమాఖ్య దేశాల్లో భాషా పాఠశాలలు ఎన్నో ఉన్నా, సమాఖ్య పౌరులు కానివారికి వర్క్ పర్మిట్ ఇప్పించే శ్రమ అవి అరుదుగానే తీసుకుంటాయి.

జపాన్ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి బడుల్లో విదేశీ భాష బోధించేవారికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు, బోధించబోయే భాషలోనే కనీసం 12 ఏళ్లు విద్య పొంది ఉండాలన్న నిబంధన ఉంది. మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివిన మీకు ఇది అనుకూలమైన నియమం. బోధనా మాధ్యమం ఇంగ్లిష్ అని తెలిపే ధ్రువపత్రాలను మీరు చదివిన బడి నుంచి, కళాశాల నుంచి తెచ్చి పెట్టుకోవడం, జపాన్ వరకు, ఏ టెఫెల్ కోర్సుకన్నా ముందు చేయవలసిన పని. దానికి ఖర్చు కూడా నామమాత్రమే. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, దరఖాస్తు చేసే సమయానికి ఆ దేశపు రాయబార కార్యాలయం లేదా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే సమాచారాన్నే ప్రమాణంగా తీసుకోండి. కోర్సు అమ్మే సంస్థ ప్రతినిధి ఫోనులో ఇచ్చే హామీని లెక్కలోకి తీసుకోవద్దు.

మీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు. జపాన్ ప్రభుత్వం 1987లో ప్రారంభించిన జెట్ కార్యక్రమం సహాయక ఇంగ్లిష్ ఉపాధ్యాయుల నుంచి డిగ్రీ అడుగుతుంది కాని బోధన సర్టిఫికెట్ తప్పనిసరి అనదు. సొంత పద్ధతిలో కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి తరగతికి పంపే ప్రైవేటు సంస్థలు కూడా ఉన్నాయి. అయితే సర్టిఫికెట్ అడగని ఉద్యోగాలన్నీ ఒకే రకం కావు. జెట్ వంటి కార్యక్రమాలలో తరగతికి బాధ్యత వహించే స్థానిక ఉపాధ్యాయుడు పక్కనే ఉంటాడు. వేరే కొన్నిచోట్ల మాత్రం టూరిస్టు వీసాతో రప్పించి, కాగితాలు తర్వాత చూసుకుందామంటారు. అలా పనిచేయడం దాదాపు ప్రతి దేశంలోనూ చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి వీలుండదు, పట్టుబడితే జరిమానా కట్టి దేశం విడిచిపోవలసింది యజమాని కాదు, ఉపాధ్యాయుడే. సర్టిఫికెట్ లేకుండా వెళ్లినవారి గురించి విన్నప్పుడల్లా, వారు ఏ వీసా మీద వెళ్లారో తప్పకుండా అడగండి.

ఇక సర్టిఫికెట్ల సంగతి. టెఫెల్ సర్టిఫికెట్‌ను జారీ చేసే అధికారం ఏ ఒక్క మండలికో విశ్వవిద్యాలయానికో పరిమితం కాలేదు. ఎవరైనా కోర్సు తయారుచేసి, ఆ పేరుతో పత్రం ఇవ్వవచ్చు. సెల్టా అలా కాదు. అది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం ఇచ్చే అర్హత. దాని మూలాలు 1962లో లండన్‌లోని ఇంటర్నేషనల్ హౌస్‌లో జాన్ హేక్రాఫ్ట్ మొదలుపెట్టిన స్వల్పకాలిక ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాయి. కోర్సులో చేరడానికే ఒక రాతపని, ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంగ్లిష్ స్థాయి ఐరోపా ప్రమాణాల ప్రకారం సి1లో పై అంచునో అన్నిటికన్నా పై స్థాయి అయిన సి2లోనో ఉండాలి. కోర్సులో కనీసం 120 గంటల ప్రత్యక్ష శిక్షణ, నాలుగు రాత అసైన్‌మెంట్లు, రెండు వేర్వేరు స్థాయుల వయోజన విద్యార్థులకు మొత్తం ఆరు గంటలపాటు పాఠాలు చెప్పడం ఉంటాయి. ప్రతి కోర్సునూ కేంబ్రిడ్జ్ నియమించిన బయటి మూల్యాంకనకర్త పరిశీలిస్తారు. ట్రినిటీ కాలేజ్ లండన్ ఇచ్చే సర్ట్‌టెసాల్ కూడా దీనికి సమానమైనదే. అందులోనూ ఆరు గంటల బోధన ఉంటుంది. దానితోపాటు అభ్యర్థులకు బొత్తిగా తెలియని ఒక భాషలో కొన్ని పాఠాలు చెప్పి, మొదటి రోజున విద్యార్థి పడే ఇబ్బంది ఎలా ఉంటుందో అనుభవంలోకి తెస్తారు. ఎంతో ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది.

120 అన్న అంకె చూసి పొరబడేవారు చాలామంది. సెల్టాలో ఆ గంటలు శిక్షకుల సమక్షంలో గడిపేవి. చాలా ఆన్‌లైన్ కోర్సులలో అవి, ఈ పాఠాలు చదివి ప్రశ్నలకు జవాబులు గుర్తించడానికి ఇంత సమయం పడుతుందని తయారుచేసినవారు వేసిన అంచనా. లెవెల్ 5 అన్న మాట కూడా ఇలాంటిదే. సెల్టా, ట్రినిటీ సర్ట్‌టెసాల్ బ్రిటన్ అర్హతల పట్టికలో లెవెల్ 5లో ఉన్నాయి. కొన్ని ఆన్‌లైన్ డిప్లొమాలు కూడా నియంత్రణ సంస్థ గుర్తింపుతో న్యాయంగానే ఆ లెవెల్‌లో ఉన్నాయి. కాని లెవెల్ చెప్పేది చదువు కాఠిన్యాన్ని మాత్రమే. అభ్యర్థి ఒక్కసారైనా మనుషుల ముందు నిలబడి పాఠం చెప్పాడా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు. బ్రిటిష్ కౌన్సిల్ బోధన కేంద్రాలు, పేరున్న భాషా పాఠశాలలు ఉద్యోగ ప్రకటనలలో సెల్టా, సర్ట్‌టెసాల్ పేర్లు రాసి, వాటికి సమానమైన అర్హత అంటే కనీసం ఆరు గంటల పరిశీలిత బోధన ఉన్నదని వివరించడానికి కారణం ఇదే. ఏ కోర్సు గురించైనా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే: నేను ఎందరు నిజమైన విద్యార్థులకు, ఎన్ని గంటలు పాఠం చెబుతాను, దాన్ని ఎవరు చూసి వ్యాఖ్యానిస్తారు?

ఆ ఆరు గంటలలో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూపిస్తే వాటికి ఇంత ప్రాధాన్యం ఎందుకో మీకు తెలుస్తుంది. 'హి హాజ్ గాన్ టు ప్యారిస్', 'హి హాజ్ బీన్ టు ప్యారిస్' అన్న రెండు వాక్యాల మధ్య తేడా చెప్పాలనుకోండి. శిక్షణ లేనివారు సాధారణంగా ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ నియమాన్ని బోర్డు మీద రాసి, ఐదు నిమిషాలు వివరించి, అర్థమైందా అని అడుగుతారు. తరగతి మొత్తం తల ఊపుతుంది. అందులో ఎందరికి అర్థమైందో ఉపాధ్యాయుడికి తెలిసే అవకాశమే లేదు. శిక్షణలో దీన్ని మార్పిస్తారు. ఇప్పుడు అతను ఎక్కడున్నాడు, తిరిగి వచ్చాడా, ఈ సాయంత్రం ఇక్కడ అతన్ని కలవగలమా అని చిన్న చిన్న ప్రశ్నలు వేస్తే, విద్యార్థి చెప్పే ఒకటి రెండు మాటల జవాబులోనే తేడా గ్రహించాడో లేదో బయటపడుతుంది. అలాగే వర్క్‌షీట్ చేతికి ఇవ్వకముందే చేయవలసిన పనేమిటో చెప్పాలి, ఎందుకంటే కాగితం అందిన తర్వాత ఎవరూ మాట వినరు. పాఠం ముగియగానే శిక్షకుడు, తోటి అభ్యర్థులు కూర్చుని ఏ నిమిషంలో తరగతి చేజారిందో, ఎక్కడ ఉపాధ్యాయుడే ఎక్కువ మాట్లాడి విద్యార్థుల నోరు కట్టేశాడో చెబుతారు. ఆ మాటలు వినడం కష్టంగానే ఉంటుంది. కాని మర్నాటి పాఠంలోనే మార్పు కనిపిస్తుంది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, వీడియోలు చూస్తే వచ్చేదీ కాదు.

సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నానని రాశారు. అది మంచి పునాది. అయితే ఒకరిద్దరికి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం వేరు, వేర్వేరు స్థాయుల్లో ఉన్న పదిహేనుమందిని, తమలో తాము ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేలా గంటసేపు నడిపించడం వేరు. మరో మాట కూడా చెప్పాలి. ఇంగ్లిష్‌ను రెండో భాషగా కష్టపడి నేర్చుకున్నవారికి విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుంది. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవారిలో చాలామంది వ్యాకరణ నియమాలను మొదటిసారి సెల్టాలోనే ఎదుర్కొంటారు. ఆ విషయంలో మీరు ఒక అడుగు ముందే ఉంటారు.

డబ్బు లెక్కకు వద్దాం. మొదటి ఉద్యోగంలో సెల్టా ఉన్నవారికి, చవక సర్టిఫికెట్ ఉన్నవారికి ఒకే జీతం ఇచ్చే యజమానులు చాలామంది. ఈ మాట శిక్షణ కేంద్రాలు చెప్పవు. కొరియా ప్రభుత్వ పాఠశాలలకు ఉపాధ్యాయులను ఎంపిక చేసే ఎపిక్ కార్యక్రమం, ఇంగ్లిష్‌లోనో విద్యాశాస్త్రంలోనో డిగ్రీ లేనివారి నుంచి కనీసం 100 గంటల సర్టిఫికెట్ అడుగుతుంది. జీతపు శ్రేణిని అర్హతలనుబట్టి, అనుభవాన్నిబట్టి నిర్ణయిస్తుంది. ఇలా కాగితానికి నేరుగా జీతం పెంచే చోట్లు కొన్నే. తేడా ఎక్కువగా యజమాని రకంలో కనిపిస్తుంది. సెల్టా అడిగే పాఠశాలలో సాధారణంగా ఒప్పందం స్పష్టంగా ఉంటుంది, జబ్బుపడితే సెలవు ఉంటుంది, పాఠాలు గమనించి సలహా చెప్పే సీనియర్ ఉపాధ్యాయులు ఉంటారు. రెండో ఉద్యోగం వెతికేటప్పుడు ఈ తేడా జీతంలోకి వస్తుంది. రెండేళ్ల అనుభవం తర్వాత సెల్టాకు పై మెట్టయిన డెల్టా వంటి లెవెల్ 7 అర్హత సాధించి సీనియర్ ఉపాధ్యాయుడు, విద్యా నిర్వాహకుడు, ఉపాధ్యాయ శిక్షకుడు స్థానాలకు చేరే దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

మీ సొంత లెక్క ఇలా వేసుకోండి. కోర్సు ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చాలా కేంద్రాల్లో సెల్టా ఫీజే వెయ్యి పౌండ్లు దాటుతుంది. దానికి నెల రోజులు కోల్పోయే జీతం, వేరే ఊళ్లో ఉండవలసి వస్తే బస ఖర్చు కలపండి. తర్వాత సెల్టా లేకుండా మీకు వాస్తవంగా దొరికే ఉద్యోగపు జీతం ఎంత, ఉంటే దొరికే ఉద్యోగపు జీతం ఎంత అన్నది ప్రకటనలు చూసి రాసుకోండి. ఖర్చంతా కలిపి ఆ ఉద్యోగంలో రెండు నెలల జీతానికి సమానమై, నెలకు తేడా జీతంలో పదో వంతు అయితే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. రెండేళ్లు ఉండాలనుకునేవారికి ఇది అంచు మీద ఉన్న లెక్క. ఒక్క ఏడాదికే అయితే నష్టం. అందుకే ఏడాదిపాటు లోకం చూసి వద్దామనుకునేవారికి నేను సెల్టా చేయమని చెప్పను. వీసాకు సరిపోయే గుర్తింపు ఉన్న చవక సర్టిఫికెట్ తీసుకుని, వెళ్లేలోపు ఎక్కడైనా స్వచ్ఛందంగా కొన్ని తరగతులు చెప్పి చూసుకుంటే వారికి చాలు.

మీరు ఈ వృత్తిలో పదేళ్లు ఉండాలనుకుంటే మాత్రం ఆలోచన మరోలా ఉండాలి. మంచి జీతంతోపాటు ఇల్లు, విమాన ఖర్చులు ఇచ్చే ఉద్యోగాలు ఎక్కువగా అంతర్జాతీయ పాఠశాలల్లో ఉంటాయి. అవి అడిగేది సెల్టా కాదు, బి.ఎడ్., బ్రిటన్‌లో దానికి సాటి అయిన పి.జి.సి.ఇ., ఏదైనా దేశపు ఉపాధ్యాయ లైసెన్సు వంటి పూర్తిస్థాయి అర్హత. గల్ఫ్ విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్ విభాగాలు సాధారణంగా ఇతర భాషల వారికి ఇంగ్లిష్ బోధించే శాస్త్రమైన టెసాల్‌లోనో అనువర్తిత భాషాశాస్త్రంలోనో ఎం.ఏ. అడుగుతాయి. మీ కామర్స్ డిగ్రీకి ఉపాధ్యాయ అర్హత తోడైతే, అంతర్జాతీయ పాఠశాలల్లో బిజినెస్ స్టడీస్, అకౌంటింగ్ బోధించే అవకాశం కూడా ఉంటుంది; అక్కడ మీ మాతృభాష ఏమిటన్న ప్రశ్న అంతగా రాదు. మీ ఉత్తరంలో ఈ ఆలోచన లేదు కాని, దాన్ని తోసిపుచ్చే ముందు ఒకసారి పరిశీలించమని గట్టిగా చెబుతున్నాను.

మాతృభాష ప్రసక్తి వచ్చింది కాబట్టి దాచకుండా చెప్పాలి. నేటివ్ స్పీకర్లు మాత్రమే దరఖాస్తు చేయాలని రాసే ప్రకటనలు ఇప్పటికీ ఉన్నాయి. టెసాల్ అంతర్జాతీయ సంఘం 2006లోనే ఈ వివక్షను వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది. అయినా అది పోలేదు. ఇది అన్యాయం, దీనివల్ల నష్టపోయేది విద్యార్థులు కూడా. మీ చేతిలో ఉన్నది రుజువులు పెంచుకోవడం. మంచి గ్రేడుతో సెల్టా, దానితో శిక్షకులు ఇచ్చే నివేదిక, కేంబ్రిడ్జ్ సి2 ప్రొఫిషియెన్సీ వంటి పరీక్ష ఫలితం ఉంటే, వివక్ష చూపని యజమానుల దగ్గర మీ దరఖాస్తు పైకి వస్తుంది. ఐఇఎల్‌టీఎస్ ఫలితాన్ని సాధారణంగా రెండేళ్ల వరకే అంగీకరిస్తారు, సి2 ప్రొఫిషియెన్సీకి అలాంటి గడువు లేదు. ఒకే ఖర్చుతో ఎక్కువ కాలం పనికివచ్చేది రెండోదే. ఈ కారణాలవల్లే, నేటివ్ స్పీకరుగా పరిగణించని పాస్‌పోర్టు ఉన్నవారికి చవక సర్టిఫికెట్‌కన్నా సెల్టా ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఒకే దేశాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టవద్దు. 2021 జూలైలో చైనా ప్రభుత్వం బడి పిల్లల ప్రైవేటు ట్యూషన్ల మీద తెచ్చిన కఠిన నియమాలతో, విదేశాల్లో ఉండి ఆన్‌లైన్‌లో అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగాలు కొద్ది నెలల్లోనే మాయమయ్యాయి. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా పని కోల్పోయారు. ఎక్కడైనా గుర్తించే అర్హత చేతిలో ఉన్నవారికి వేరే దేశానికి మళ్లడం కొంత తేలికైంది.

రాజీనామా గురించి అడిగారు. ఇప్పుడు వద్దు. సెల్టాను నాలుగైదు వారాల పూర్తికాల కోర్సుగానే కాక, కొన్ని నెలలపాటు సాగే పార్ట్‌టైమ్ కోర్సుగా కూడా చేయవచ్చు. బోధన అభ్యాసంతో సహా పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిపే కేంద్రాలు కూడా ఉన్నాయి, అక్కడ మీ తరగతి తెర మీద ఉన్నా విద్యార్థులు నిజమైనవారే. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ సెల్టా చేయడం అలసటగా ఉంటుంది, సెలవు రోజులన్నీ పాఠాల తయారీకే పోతాయి, కాని జీతం ఆగదు. కోర్సులో చేరేముందు రెండు దేశాలు ఎంచుకుని, ఒక్కో దేశానికి ఇరవై ఉద్యోగ ప్రకటనలైనా చదివి, వాటిలో ఎన్నింటికి మీ పాస్‌పోర్టు, డిగ్రీ సరిపోతాయో గుర్తు పెట్టండి. సరిపోయేవి చాలా తక్కువ ఉంటే ఫీజు కట్టకండి, దేశం మార్చి మళ్లీ చూడండి. కోర్సు సాగుతుండగానే డిగ్రీకి అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించడం మొదలుపెట్టండి.  పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మాత్రం ముందే తీసుకోకండి. చాలాచోట్ల ఆరు నెలలు దాటినదాన్ని అంగీకరించరు కాబట్టి, ఉద్యోగం ఖాయమయ్యే దశలో దరఖాస్తు చేస్తే చాలు. సంతకం చేసిన ఒప్పందం, వర్క్ పర్మిట్ మంజూరైనట్లు లిఖితపూర్వక సమాచారం చేతికి వచ్చాక, మీ సంస్థలో నోటీసు గడువు ఎంతో చూసుకుని రాజీనామా ఇవ్వండి. కొత్త ఉద్యోగంలో చేరే తేదీని ఆ గడువుకు తగినట్లు ముందే మాట్లాడుకోవచ్చు, యజమానులు సాధారణంగా దానికి ఒప్పుకుంటారు.